తెరకు వీపు పెట్టి కూర్చునే మనిషి

రాజేశం సినిమాలు చూసి బతుకుతున్నాడని చిక్కడపల్లిలో అందరూ అనుకునేవారు. నిజానికి అతను సినిమా చూసి చాలా ఏళ్ళయింది. తెరకు వీపు పెట్టి, ముందు వరసకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాడు. తెర మీది వెలుగు జనం మొహాల మీద పడేది. అతను ఆ మొహాలు చూసేవాడు. హంతకుడు ఎవరో అతనికి తెలిసేది కాదు గానీ, ఎవరో జనానికి ఏ రీలులో తెలిసిపోయిందో మాత్రం కచ్చితంగా చెప్పేవాడు.

ఈ విద్య ఎవరో నేర్పింది కాదు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసి, నారాయణగూడలో ఒక పంపిణీదారు ఆఫీసులో ఫిల్ము డబ్బాలు మోసే పనికి కుదిరాడు. మీసాలు వచ్చాక రిప్రజెంటేటివ్ అయ్యాడు. అంటే ప్రింటు వెంట ఊరూరా తిరుగుతూ, హాలు వాళ్ళు టిక్కెట్లలో దొంగతనం చెయ్యకుండా కాపలా కాసే మనిషన్నమాట. ఒకే సినిమాను వారమంతా రోజుకు మూడు నాలుగు సార్లు చూడాలంటే ఎంత మంచి సినిమా అయినా కడుపులో తిప్పుతుంది. అందుకని తలుపు దగ్గర నిలబడి జనాన్ని చూడటం మొదలుపెట్టాడు. ఏ పాటకు బీడీలకు లేస్తున్నారు, ఏ మాటకు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు, ఎక్కడ పిల్లల్ని ఒళ్ళో వేసుకుని జోకొడుతున్నారు, అన్నీ గుర్తుపెట్టుకుని వచ్చి సేటుకు చెప్పేవాడు. సేటు అది విని లాభపడ్డాడు. లాభపడి, సినిమాలు వదిలేసి, ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు. బోర్డు దించేసిన రోజు రాజేశానికి ఒక శాలువా కప్పాడు. ఆ శాలువాలో సగం దూది.

సినిమా మనుషులంతా ఇంతే అని రాజేశం తీర్మానించుకున్నాడు. తీసేవాడికి పిచ్చి, అమ్మేవాడికి ఆశ, చూసేవాడికి పనిలేకపోవడం. మధ్యలో డబ్బాలు మోసేవాడికి నడుంనొప్పి.

తర్వాత ప్రైవేటు టీవీ చానెళ్ళు వచ్చాయి. పొద్దస్తమానం ఏదో ఒకటి వెయ్యకపోతే తెర ఖాళీగా ఉంటుంది. పెద్ద హీరోల బొమ్మలన్నీ పెద్ద బేరగాళ్ళు ఎగరేసుకుపోయారు. మిగిలినవి పాత గోదాముల్లో మూలుగుతున్నవి. నెత్తురు నల్లగా కనిపించే డిటెక్టివ్ సినిమాలు, ఒకే బంగళాలో తీసేసిన హత్యల సినిమాలు, ఆస్తులమ్ముకుని ఎవరో ఒకడు తీసి, ఉదయం ఆటలు వారం ఆడించి, డబ్బాలు అటక ఎక్కించిన కష్టాల సినిమాలు. వీటిని ఏరి చానెళ్ళకు అమ్మే పని హర్ష అనే కుర్రాడు పెట్టుకున్నాడు. చదువుకున్నవాడే. కానీ ఏది మంచిదో తేల్చుకోలేక పరేషాన్ అయిపోయేవాడు. ఎవరో రాజేశం పేరు చెప్పారు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ఒక గల్లీలో పిండిగిర్ని, దాని పైన పాతిక కుర్చీల ప్రివ్యూ హాలు. కింద గిర్ని నడిస్తే పైన కుర్చీలు వణికేవి. మిషను ఒకటే ఉండటంతో ప్రతి రీలుకూ ఆపి, లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించాలి. ఆ పని ఈదయ్యది. జనాన్ని తెచ్చే పని రాజేశానిది. ఆటోవాళ్ళు, కూరగాయలమ్మే ఆడవాళ్ళు, రిటైరైన గుమాస్తాలు, ఎవరు దొరికితే వాళ్ళు. చాయ్, రెండు సమోసాలు ఇస్తే మధ్యాహ్నం పూట కూర్చోవడానికి ఈ ఊళ్ళో మనుషులకు కొదవలేదు. బొమ్మ అయిపోయాక రాజేశం ఒకటే అడిగేవాడు.

"టిక్కెట్ కొనుక్కుని మల్ల వస్తరా?"

వస్తం అంటే ఒక లెక్క, రాము అంటే ఒక లెక్క. దానికి తను చూసిన మొహాలు కలుపుకుని హర్షతో "తీస్కో" అనో "వదిలెయ్" అనో అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

ఒకసారి ఒక హత్యల సినిమా వేశారు. హర్ష కూడా కూర్చుని చూసి ఊగిపోయాడు.

"ఏం సస్పెన్స్ అన్నా! ఆఖరి దాకా తెల్వలే కద!"

"నీకు తెల్వలే. మాసమ్మకు రెండో రీలుల్నే తెలిసింది."

మాసమ్మ గల్లీ మొదట్లో తోటకూర అమ్మేది. ఆమె గడప దాటుతూ వెనక్కి తిరిగింది. "గా డాక్టరే గద సంపింది. ఎన్నిసార్లు చేతులు కడుగుతడు బిడ్డా? పొలం పని చేసినోడు గుడ అన్నిసార్లు కడగడు."

హర్ష మొహం వాడిపోయింది. "అయితే వదిలేద్దామా?"

"తెలిసినంక లేసిందా, కూసున్నదా?" అన్నాడు రాజేశం.

"కూసున్నది."

"ఎందుకు కూసున్నది? వాడెట్ల దొరుకుతడో సూద్దామని. తీస్కో."

ఆ సినిమాను చానెల్ వాళ్ళు మళ్ళీ మళ్ళీ వేసుకున్నారు. అప్పటి నుంచి రాజేశం మాటంటే మాటే.

జగదీశ్వర్ వచ్చింది ఆ తర్వాత. నారాయణగూడలో అతనికి చిన్న ఫోటో స్టూడియో. అశోక్ నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలంతా దరఖాస్తులకు అంటించే ఫోటోలు అతని దగ్గరే దిగేవారు. గట్టిగా మాట్లాడని మనిషి. పదిహేనేళ్ళ కింద పొలం అమ్మి ఒక సినిమా తీశాడని, దాని పేరు 'మోటదారి' అని, నలుపు తెలుపని, ఒక్కటే ప్రింటుందని, నెగెటివు మద్రాసు ల్యాబులో ఏమైందో తెలియదని, మెట్ల మీదే నిలబడి చెప్పాడు. ఆటోలో తెచ్చిన డబ్బాల మీద అప్పుడే పిండి పడుతోంది. మాటిమాటికీ చేత్తో తుడిచాడు.

"కథేంది?" అన్నాడు రాజేశం. అడగాలి కాబట్టి అడిగాడు.

"ఎడ్లను కట్టి బాయిల నీళ్ళు తోడే, మోట కొట్టే జీతగాని కథన్నా. ఊళ్ళెకు కరెంటు మోటారు వస్తది."

"కొట్లాట ఉన్నదా?"

"లేదు."

"పాటలు?"

"ఒక్కటున్నది. అది గూడ మోట కొట్టేటప్పుడు పాడుకునేదే."

"మంచిగున్నది," అన్నాడు రాజేశం. అతని నోట్లో ఆ మాటకు విలువేమీ లేదు. "తీసినోడు హాల్ల కూసోవద్దు. అది మా కానూను. మీరు గా ఇరానీ హోటల్ల కూసోండ్రి, నేనే వచ్చి చెప్త."

మర్నాడు సాయంత్రం గిర్ని దగ్గర ఒక ఆడమనిషి అతని కోసం నిలబడి ఉంది. భుజానికి ఆఫీసు సంచి, అందులో ఖాళీ టిఫిన్ డబ్బా చప్పుడు. గోధుమలు ఆడించుకునే వాళ్ళ వరసకు కాస్త ఎడంగా నిలబడింది.

"అన్నా, సినిమాలకు మార్కులేసేది మీరే గద? నా పేరు మహేశ్వరి. జగదీశ్వర్ మా ఆయన."

"మార్కులు నేనెయ్యనమ్మా. జనమేస్తరు."

"గదే. ఆ జనం ఏమన్నా గానీ, బాగలేదని చెప్పున్రి. మీకు పుణ్యముంటది."

రాజేశం ఇన్నేళ్ళలో బాగుందని చెప్పమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళను చూశాడు. మందు పోయించినవాళ్ళను చూశాడు. బాగలేదని చెప్పమన్న మనిషి మాత్రం ఇదే మొదలు. బీడీ ముట్టించబోయి ఆపాడు.

"ఎందుకమ్మా?"

"ఎనుకట పొలం పోయింది, నా మెడల బంగారం పోయింది. పోతే పోయింది. ఇరవై ఏండ్లు టైపు కొట్టి, లోన్ పెట్టి అడిక్‌మెట్ల రెండు గదులేసిన. కాగితం ఆయన పేరు మీదుంది. మొగోని పేరు మీద ఉంటే మంచిదని మా అత్త అన్నది, నాకు అప్పుడు తెలివి లేకపాయె. ఇప్పుడు టీవీవోల్లు ఈ సినిమా తీసుకుంటే ఇల్లు అమ్మి రెండోది తీస్తడట. కథ రాసి పెట్టిండు. ఇల్లు సూసేటోల్లు గుడ వచ్చి పోయిన్రు. పొయ్యి దగ్గర నేనుంటే నా ఎనుక గోడ కొలుసుకున్నరు."

"తీసుకోకుంటే?"

"తీసుకోకుంటే ఫోటోలు తీసుకుంట బతుకుతడు. మంచోడన్నా. సినిమా జోలికి పోనంతసేపు ఆయనంత మంచోడు లేడు."

"నేను అబద్ధమాడనమ్మా," అన్నాడు రాజేశం. "జనం ఏదంటే అది."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఏడ్చి ఉంటే రాజేశానికి తేలికయ్యేది. ఏడ్చేవాళ్ళను ఎట్లా సాగనంపాలో అతనికి తెలుసు.

అబద్ధమాడనని అన్నాడే గానీ, జనాన్ని ఏరేది తనే కదా. రాత్రంతా అదే ఆలోచించి పొద్దున ఒక దారి వెతికాడు. మామూలుగా ఇట్లాంటి సినిమాకు నలుగురు పెద్దమనుషుల్ని, రిటైరైన మాస్టర్లను కూర్చోబెట్టేవాడు. ఈసారి అశోక్ నగర్ పోయాడు. కోచింగు సెంటర్ల ముందు పుస్తకాలు పట్టుకుని తిరిగే పిల్లలు. నెలల తరబడి రాజ్యాంగమూ గుప్తుల కాలమూ బట్టీ కొట్టి మెదళ్ళు ఎండిపోయినవాళ్ళు. వాళ్ళు హాలుకు వస్తే ఫైటింగులకూ పాటలకూ వస్తారు గానీ బావి దగ్గర ఎడ్లను చూడటానికి రారు. ఇంటర్వెల్ లోపల లేచిపోతారు. లేచిపోయారని తను చెబితే అది అబద్ధం ఎట్లా అవుతుంది?

"ఏం సినిమా అన్నా?" అన్నాడు కొమురెల్లి అనే పిల్లవాడు.

"పాతది."

"హీరోయిన్ ఎవరు?"

"ఎద్దు."

నవ్వుకుంటూ వచ్చారు. ఆడపిల్లలు కూడా ఒక గుంపు వచ్చారు. సమోసాల మాట అందరికీ తెలిసిందే.

ఈదయ్య మొదటి రీలు ఎక్కించాడు. రాజేశం స్టూలు మీద కూర్చుని మొహాలు చూడసాగాడు. అనుకున్నట్టే అయింది. పేర్లు పడుతుంటేనే ఎవరో ఆవులించారు. ఎవరో ఈల వేశారు. "ఓ ఎద్దు మేడం, ఎంట్రీ ఎప్పుడు?" అని ఒకడంటే హాలంతా నవ్వింది. వీపు వెనక గిలక కిర్రుమంటోంది. నీళ్ళు పడుతున్న చప్పుడు. రాజేశం లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకో రెండు రీళ్ళు, అంతే.

రెండో రీలులో కొమురెల్లి పక్కవాడితో అన్నాడు. "గా మోకు తెగుతది సూడు. నానపెట్టలే."

"తెగదు రా."

"మా బాయి కాడ తెగిందిరా, నాకు తెల్వదా? మా నాయన భుజం ఇరిగింది."

రాజేశం వీపు వెనక మోకు తెగిన చప్పుడైంది. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత హాల్లో చప్పుడు తగ్గుతూ వచ్చింది. రాజేశం లెక్కలో నిశ్శబ్దం అంటే చావు. బతికున్న సినిమాకు జనం ఏదో ఒకటి అంటూనే ఉంటారు. సినిమా చచ్చిన చోట దగ్గులు వినిపిస్తాయి, కుర్చీలు కిర్రుమంటాయి, ఒకడు వాచీ చూసుకుంటాడు. ఆ గుర్తుల కోసం వెతికాడు. దగ్గు లేదు. కుర్చీ చప్పుడు లేదు. రీలు మార్చేటప్పుడు లైట్లు వేస్తే పిల్లలు కళ్ళు చికిలించి కూర్చున్నారు గానీ మాట్లాడుకోలేదు. చాయ్ తెచ్చి పెడితే గ్లాసుల మీద మీగడ కట్టింది. ఇంటర్వెల్ అయింది, ఒక్కడూ మెట్లు దిగలేదు.

"ఏంది ఈదయ్యా, నిద్రపోతున్నరా వీల్లు?" అన్నాడు రాజేశం మిషను గది కిటికీ దగ్గరికి వెళ్ళి.

"కండ్లు తెరిసే ఉన్నయి గద," అన్నాడు ఈదయ్య. "నన్నడుగుతవేంది. నాకు మిషన్ల వెలుగు ఆరకుంట బొగ్గు కడ్డీ సూసుకునుడే సరిపోతుంది."

ఆఖరి రీలులో మోటారు వచ్చినట్టుంది. నీళ్ళు దుంకిన చప్పుడు, జనం చప్పట్లు, డప్పు. ఇక అయిపోయిందని రాజేశం స్టూలు మీద నుంచి లేవబోయాడు. అయిపోలేదు. డప్పు ఆగిపోయి, అసలే చప్పుడూ లేకుండా బొమ్మ నడుస్తోంది. సౌండు పోయిందేమో అనుకున్నాడు. ఎదురుగా సమ్మక్క అనే పిల్ల, ములుగు దిక్కు నుంచి వచ్చి గ్రూప్ పరీక్షలకు చదువుతున్న పిల్ల, రెండు చేతులతో ముందు కుర్చీ వీపు పట్టుకుని ఉంది. ఆమె తల కొద్దికొద్దిగా ముందుకు పోతోంది, వెనక్కి వస్తోంది. కొమురెల్లి తల కూడా. అందరి తలలూ. గాలికి చేను ఊగినట్టు ఊగుతున్నాయి. ఊగుతున్నామని వాళ్ళకు తెలియదు.

ఇట్లాంటిది రాజేశం ఏ ఊరి హాల్లోనూ చూడలేదు. ఏమిటా అని వెనక్కి తిరిగాడు.

తెర మీద మోటదారి ఉంది, ఎడ్లు మోట లాగే బావి పక్క వాలు. ఎడ్లు లేవు, కాడి లేదు, మోకు లేదు. జీతగాడొక్కడే ఆ వాలు మీద దిగిపోతున్నాడు. దిగి, కింద ఆగి, ఎడ్లు నడిచినట్టే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పైకి వస్తున్నాడు. మళ్ళీ దిగుతున్నాడు. కెమెరా కదలదు. దూరంగా మోటారు నీళ్ళు పారుతూనే ఉన్నాయి. అతను ఏడవటం లేదు, ఎవరి వైపూ చూడటం లేదు. కాళ్ళకు వేరే ఏమీ రాదు, అంతే. బొమ్మ నిండా గీతలు. పైన ఎక్కడో ఫోకస్ కూడా కొంచెం పోయింది. రాజేశం తెల్లగా వెలిగే తెర మీద ఫిల్ము తోక టపటపా కొట్టుకునే దాకా నిలబడే ఉన్నాడు.

లైట్లు వెలిగాయి. పిల్లలు పుస్తకాలు వెతుక్కుంటున్నారు.

"టిక్కెట్ కొనుక్కుని మల్ల వస్తరా?" అన్నాడు రాజేశం.

"రాము," అంది సమ్మక్క.

"ఎందుకు? బాగలేదా?"

"బాగలేదని ఎవరన్నరు? ఒకపారి సూస్తె సాలు. సెలవులకు ఇంటికి పోతె మా తాత గట్లనే తిరుగుతుండు. టిక్కెట్ కొనుక్కుని సూడాల్నా?"

"నేను గుడ రానన్నా," అన్నాడు కొమురెల్లి. "ఎల్లుండి టెస్టున్నది."

ఒక్కొక్కరే మెట్లు దిగారు. రాము, రాము. రాజేశానికి కావలసిన మాటే దొరికింది. ఒక్క అక్షరం అబద్ధం లేకుండా దొరికింది. ఇరానీ హోటల్‌కు నడుస్తూ దానినే నోట్లో తిప్పుకున్నాడు.

జగదీశ్వర్ మూల బల్ల దగ్గర ఉన్నాడు. ముందు రెండు ఖాళీ కప్పులు.

"జనం రామన్నరు," అన్నాడు రాజేశం కూర్చుంటూ.

జగదీశ్వర్ ఖాళీ కప్పు పక్కకు జరిపాడు. "లేసిపోయిన్రా?"

"లేసిపోలే. మల్ల రామన్నరు."

"టీవీకి మల్లొచ్చుడేందన్నా? ఇంట్ల మంచం మీద పండుకోని సూస్తరు. టిక్కెట్ లేదు, హాలు లేదు." గట్టిగా మాట్లాడని ఆ మనిషి గొంతు లేపాడు. "నువ్వు అడిగే సవాలు థియేటర్ల అడిగే సవాలు. లేసిపోలే అన్నవు గద. సాలు. హర్షతోని నేనే మాట్లాడుకుంట. ఆదివారం ఇల్లు సూసెటోల్లకు గుడ ఔనంట."

అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. రాజేశానికి అది అప్పుడే తట్టింది. ఇన్నాళ్ళూ టీవీ సినిమాలకు టిక్కెట్ అడుగుతూ కూర్చున్నాడు.

"అయినా నువ్వు సూడవు గదన్నా," అన్నాడు జగదీశ్వర్. "సూడనోని మాట నేనెట్ల పట్టుకోవాలె?"

"సూసిన," అన్నాడు రాజేశం.

"ఏంది?"

"ఆఖరు రీలు ఎనక్కి తిరిగి సూసిన."

జగదీశ్వర్ కుర్చీ ముందుకు జరిపాడు. పదిహేనేళ్ళుగా ఈ మాట అనే మనిషి కోసమే ఎదురుచూస్తున్నట్టు జరిపాడు. "సూసినవా? ఎట్లున్నది?"

రాజేశానికి సినిమాలు తీసేవాళ్ళ సంగతి తెలుసు. అంతా బాగలేదంటే నమ్మరు. నీకు అర్థం కాలేదంటారు. పేరు పెట్టి ఒక చోటు చూపిస్తేనే లోపలికి దిగుతుంది. దిగితే చాలు, మనిషి చల్లబడతాడు, ఇల్లు నిలుస్తుంది. ఏ చోటు చూపించాలి? తను చూసింది ఒక్కటే.

"ఆఖరుకు నీ మనిషి ఎడ్లు లేకుండ తిరుగుడు ఉన్నది సూడు," అన్నాడు. "దండుగ. మోటారు నీళ్ళు దుంకినంక ఇంకేమున్నది? జనం గక్కడ సచ్చిపోయిన్రు."

జగదీశ్వర్ మొహం మీద ఏదో ఆరిపోయింది. చెంచాతో ఖాళీ కప్పులో తిప్పి, అది ఖాళీదని గుర్తొచ్చి, పక్కన పెట్టాడు. తర్వాత లేచి, "ఇంత సాఫ్‌గ ఎవరు చెప్పలే అన్నా," అని చెయ్యి కలిపి వెళ్ళాడు. చెయ్యి చల్లగా ఉంది.

పని అయిపోయిందనుకున్నాడు రాజేశం. హర్షతో "వదిలెయ్" అన్నాడు. ఆ మాట అనడానికి రోజూ కన్నా కొంచెం ఎక్కువసేపు పట్టింది, హర్ష గమనించలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం హర్ష హుషారుగా మెట్లెక్కి వచ్చాడు.

"రాజేశమన్నా, గా మోట సినిమా తీసుకున్న."

"వద్దన్న గద."

"అప్పుడు వద్దన్నవు. ఇప్పుడు నువ్వు చెప్పినట్టే కట్ చేసి తెచ్చిండు. సూపరున్నదన్నా. మోటారు స్టార్టయితది, నీళ్ళు దుంకుతయి, ఊరంతా చప్పట్లు, శుభం! చానెలోల్లు ఫుల్ ఖుష్. రైతుల ప్రోగ్రాం ముందట వేస్తరట. ఇంకొకటి చెయ్యమని గుడ అడిగిన్రు ఆయనను." హర్ష అతని భుజం తట్టాడు. "నీ పేరు చెప్పి దండం పెట్టిండు. నువ్వు సూడవు సూడవు అంటవు గానీ, సూస్తే నీ అసొంటోడు లేడు."

రాజేశం చెప్పులు వేసుకుని నారాయణగూడ నడిచాడు. స్టూడియోలో జగదీశ్వర్ ఒక పిల్లవాణ్ణి నీలం తెర ముందు కూర్చోబెట్టి ఉన్నాడు.

"గడ్డం జర కిందికి. భుజం సీదా. ఆఁ, అన్నా, రా, కూసో! బాబూ, కదలకు."

"కోసిన ముక్క ఏది?" అన్నాడు రాజేశం.

"ఏ ముక్క?"

"ఆ మనిషి తిరిగే ముక్క."

"ఓ, అదా." జగదీశ్వర్ ఫ్లాష్ కొట్టి, ఇటు తిరిగి నవ్వాడు. ఏళ్ళు తగ్గినట్టున్నాడు. "పాత నెగెటివులు కొనుక్కపోయేటాయన వస్తడు, సుల్తాన్ బజార్‌ల ఫిల్ము కరిగిచ్చి గాజులు చేసెటోల్లకు ఇస్తడట. ఆయన సంచిల పడేసిన. ఇంట్ల పెట్టుకుంటే మల్ల అతికియ్యాలనిపిస్తది గదన్నా. ఆ ఒక్క షాటు కోసం మూడు దినాలు ఉపాసమున్న నేను. నువ్వు చెప్పినంక సూస్తే, నిజమే. ఏమున్నదందుల? తిరుగుతడు, తిరుగుతడు. పదిహేనేండ్లు దాన్ని పట్టుకోని ఏలాడిన." మళ్ళీ కెమెరా వైపు తిరిగాడు. "ఇంకొకటి, బాబూ. కండ్లు మూసినవు."

రాజేశం కూర్చోలేదు.

బయట వై.ఎం.సి.ఏ. దగ్గరి బస్‌స్టాపులో మహేశ్వరి ఉంది. ఆఫీసు విడిచిన జనంలో నిలబడి అడిక్‌మెట్ బస్సు కోసం చూస్తోంది. అతన్ని దూరం నుంచే గుర్తుపట్టింది. మొహం తిప్పుకుంటుందనుకున్నాడు, తిప్పుకోలేదు.

"మొన్న ఇంటికి బయానా పైసలు తీసుకున్నడు," అంది. "వచ్చే నెల ఖాళీ చెయ్యాలె. విద్యానగర్‌ల ఒక రూం సూసినం, కిరాయికి."

"నేను బాగలేదనే చెప్పినమ్మా."

"చెప్పినవు. బాగలేదని చెప్పమంటే, ఎక్కడ బాగలేదో ఎందుకు చెప్పినవన్నా? ఆయన మెకానిక్ అసొంటోడు. ఎక్కడ చెడిందో చెప్తే అక్కడ ఇప్పుతడు."

రాజేశం రోడ్డు వైపు తిరిగాడు. సిటీ బస్సులు పొగ చిమ్ముకుంటూ పోతున్నాయి. అటే చూస్తూ అన్నాడు. "ఆ ముక్క బాగున్నదమ్మా. అందుల అదొక్కటే బాగున్నది. నేను ఏరి కోరి దాన్నే చెడ్డదన్న."

ఇన్నేళ్ళలో ఒక సినిమా గురించి తన సొంత నోటితో అతను ఇచ్చిన తీర్పు అది. అక్కడ దానితో ఎవరికీ పని లేదు.

"తెల్సు," అంది మహేశ్వరి. "అది తీసిన దినాలల్ల ఆ బాయి కాడ అందరికి వండిపెట్టింది నేనే. ఆ జీతగాని ఏషం ఏసినాయన సాయంత్రం షూటింగ్ అయినంక గుడ ఆగకపాయె, చెయ్యి పట్టుకోని కూసోబెట్టిన్రు. బాగలేకుంటే నీ దాకా ఎందుకొస్తనన్నా? దానంతట అదే ఉంటుండె అటక మీద."

బస్సు వచ్చింది. జనం తోసుకుని ముందు తలుపు దగ్గర మూగారు. ఆమె టిఫిన్ డబ్బా సంచి గుండెకు అదుముకుని ఎక్కింది. సీటు దొరకలేదు, కడ్డీ పట్టుకుని నిలబడింది. కండక్టరు రేకు మీద చరిచి "పోనియ్" అన్నాడు.

చిక్కడపల్లిలో ఈదయ్య అప్పటికే రీలు ఎక్కించి, జనాన్ని కూర్చోబెట్టి, రాజేశం కోసం ఎదురుచూస్తున్నాడు. బంగళాలో హత్య సినిమా. మాసమ్మ తోటకూర బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని ముందు వరసలో ఉంది.

"ఏడికి పోయినవయ్యా ఇంతసేపు?" అంది. "మొదలుపెట్టియ్యి, నా కూర వాడిపోతుంది."

రాజేశం తెరకు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని, లైట్లు ఆర్పమని చెయ్యి ఊపాడు.